పీటర్ రైట్ (డార్ట్స్ క్రీడాకారుడు)

పీటర్ రైట్ (జననం: 1970 మార్చి 10) స్కాట్లాండుకు చెందిన ప్రముఖ డార్ట్స్ క్రీడాకారుడు. 2020, 2022 సంవత్సరాలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను గెలుచుకున్నాడు. మొదటిసారి ప్రపంచ విజేత అయ్యేనాటికి ఇతని వయస్సు 49 సంవత్సరాలు. క్రీడాకారుడిగా స్థిరపడక పూర్వం ఇతడు వాహనాలకు టైర్లు బిగించే పనితో సహా పలు చేతిపనులు చేసి జీవించాడు. 24వ ఏట ఒకసారి ప్రపంచ పోటీలో పాల్గొని తొలి రౌండులోనే ఓడిపోయాడు. ఆ తరువాత సుమారు పన్నెండు సంవత్సరాలు పెద్ద పోటీలకు దూరంగా ఉండి, 37వ ఏట తిరిగి ఆటలోకి ప్రవేశించాడు. రంగురంగుల జుట్టు, తల పక్కన చిత్రించుకొనే పాము బొమ్మ ఇతని గుర్తులు. ఆటలో ఇతని మారుపేరు స్నేక్‌బైట్, అనగా పాముకాటు.

ఆట పరిచయం

తెలుగునాట డార్ట్స్ పెద్దగా ప్రచారంలో లేని ఆట కనుక ముందుగా దాని గురించి కొంత చెప్పుకోవలసి ఉంటుంది. వికారాబాదు, తాండూరు వంటి మన పట్టణాలలో వేసవి మధ్యాహ్నాలలో అరుగుల మీద క్యారమ్స్ ఆడినట్లే బ్రిటన్‌లో సాయంకాలం పనులు ముగించుకొని వచ్చినవారు పబ్బులలో డార్ట్స్ ఆడుతారు. గోడకు తగిలించిన గుండ్రని బోర్డు మీదికి చిన్న బాణాల వంటి డార్టులను చేతితో విసరడమే ఈ ఆట. బోర్డు వ్యాసం సుమారు 45 సెంటీమీటర్లు. దాని మధ్యబిందువు నేల నుంచి 1.73 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆటగాడు బోర్డుకు 2.37 మీటర్ల దూరంలో ఉన్న గీత వద్ద నిలబడి విసరాలి. బోర్డును కిత్తనారతో చేస్తారు. మన పొలాల గట్లపై కంచెగా పెరిగే కిత్తలి జాతి మొక్కల నుంచి వచ్చే నార ఇదే. నార పోగులను నిలువుగా పేర్చి గట్టిగా అదిమి బిగిస్తారు. డార్టును లాగివేయగానే పోగులు మళ్లీ దగ్గరకు చేరి రంధ్రం పూడిపోతుంది.

బోర్డు మీద 1 నుంచి 20 వరకు అంకెలు గల 20 గడులు ఉంటాయి. అంకెలు వరుసగా ఉండవు. అన్నిటికన్నా పైన ఉండే 20కి ఎడమవైపు 5, కుడివైపు 1 ఉంటాయి. పెద్ద అంకెకు గురిపెట్టి వెంట్రుకవాసి తప్పినవాడికి చిన్న అంకె దక్కాలన్నదే ఈ అమరిక వెనుక ఉన్న తర్కం. లోపలి సన్నని వలయంలో తగిలితే అంకెకు మూడు రెట్లు, బయటి వలయంలో తగిలితే రెండు రెట్లు లభిస్తాయి. ఈ వలయాల వెడల్పు 8 మిల్లీమీటర్లు మాత్రమే. ఒక్కో వంతుకు మూడు డార్టులు. మూడూ 20 గడిలోని మూడురెట్ల వలయంలో తగిలితే 180 వస్తుంది. ఒక వంతులో ఇంతకుమించి సాధ్యం కాదు.

ఆటగాడు 501తో ప్రారంభించి తాను సాధించిన అంకెలను తీసివేసుకుంటూ సున్నాకు చేరాలి. చివరి డార్టు తప్పనిసరిగా రెండురెట్ల వలయంలోగాని, బోర్డు నట్టనడుమ 50 విలువ గల చిన్న వృత్తంలోగాని పడాలి. ఉదాహరణకు 40 మిగిలి ఉంటే 20 గడిలోని రెండురెట్ల వలయాన్ని కొట్టాలి. ఇలా ఒకసారి సున్నాకు చేరడాన్ని లెగ్ అంటారు. మూడు లెగ్‌లు ముందుగా గెలిచినవారిది సెట్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో ఏడు సెట్లు ముందుగా గెలిచినవాడు విజేత. ఎన్ని 180లు కొట్టినా ముగింపు డార్టు తప్పితే ఫలితం ఉండదు. రైట్ క్రీడా జీవితంలోని బాధలో అధిక భాగం ఈ ముగింపు డార్టుకు సంబంధించినదే.

బాల్యం, వృత్తి

రైట్ స్కాట్లాండులోని లివింగ్‌స్టన్‌లో జన్మించాడు. చిన్నతనంలోనే తల్లితో కలిసి ఇంగ్లాండుకు వెళ్లాడు. తరువాతి జీవితమంతా ప్రధానంగా తూర్పు ఇంగ్లాండులోని సఫోక్ ప్రాంతంలో గడిచింది. మాటతీరులో ఇంగ్లాండువాడిగా వినిపించినప్పటికీ అంతర్జాతీయ పోటీలలో మాత్రం జన్మభూమి అయిన స్కాట్లాండు తరఫునే ఆడుతూ వచ్చాడు.

ఇతడు చేసిన పనులలో తరచుగా ప్రస్తావించబడేది టైర్లు బిగించే పని. తాండూరు గనుల నుంచి నాపరాళ్లు మోసుకుపోయే లారీలను చూసినవారికి ఈ పని ఎటువంటిదో వివరించనక్కరలేదు. చక్రం విప్పడం, రిమ్ము నుంచి టైరును ఊడదీయడం, కొత్తది ఎక్కించి గాలి నింపడం వంటివన్నీ వేళ్లకు, మణికట్టుకు, నడుముకు శ్రమ కలిగించేవే. డార్ట్స్ ఆటగాడికి అవసరమైనవి కూడా ఆ వేళ్లు, ఆ మణికట్టే. పగలంతా చేతిపని చేసి సాయంకాలం సున్నితమైన గురిని అభ్యాసం చేయడం ఎంత కష్టమో దీనినిబట్టి ఊహించవచ్చు. అయినప్పటికీ బ్రిటిష్ డార్ట్స్ ప్రధానంగా ఇటువంటి శ్రామికుల ఆటగానే పెరిగింది.

1995 నాటి తొలి ప్రయత్నం

రైట్ యువకుడిగా ఉన్న కాలంలో డార్ట్స్ ప్రపంచం రెండుగా చీలి ఉంది. 1990వ దశకం ఆరంభంలో ప్రముఖ ఆటగాళ్లు కొందరు బ్రిటిష్ డార్ట్స్ ఆర్గనైజేషన్ (బి.డి.ఓ.) నుంచి విడిపోయి వేరొక సంస్థను నెలకొల్పారు. అదే నేటి ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్ (పి.డి.సి.). 1994 నుంచి రెండు సంస్థలూ వేర్వేరుగా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు నిర్వహించసాగాయి. 1995లో రైట్ బి.డి.ఓ. ప్రపంచ పోటీకి అర్హత సాధించాడు. తొలి రౌండులో వేల్స్ ఆటగాడు రిచీ బర్నెట్ చేతిలో 3-1 సెట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ ఏడాది టైటిల్ గెలిచినది ఆ బర్నెటే. విజేత చేతిలో ఓడిపోవడం అవమానమేమీ కాదు. కాని పోటీలకు తిరగడానికి అయ్యే ప్రయాణ, బస ఖర్చులు భరించడం ఒక చేతిపనివాడికి సులభం కాదు. రైట్ పెద్ద పోటీల నుంచి తప్పుకొని స్థానిక ఆటలకు పరిమితమయ్యాడు.

పునరాగమనం

2007 నవంబరులో గ్రాండ్ స్లామ్ ఆఫ్ డార్ట్స్ అనే కొత్త పోటీ వుల్వర్‌హాంప్టన్‌లో ప్రారంభమైంది. రెండు సంస్థల ఆటగాళ్లు ఒకే వేదికపై తలపడిన పోటీ కావడం వలన దానికి ప్రాముఖ్యం ఏర్పడింది. టెలివిజన్‌లో దానిని చూస్తున్న రైట్‌కు తెరపై కనిపిస్తున్న ఆటగాళ్లలో కొందరిని స్థానికంగా తాను ఓడించిన సంగతి గుర్తుకు వచ్చింది. ఆ మాట భార్య జొయాన్‌తో అన్నాడు. అయితే మళ్లీ ప్రయత్నించమని ఆమె ప్రోత్సహించింది. అప్పటికి ఇతని వయస్సు 37. సాధారణంగా క్రీడాకారులు విరమణ ప్రకటించే వయస్సు అది.

ఇక్కడ డార్ట్స్ ర్యాంకుల పద్ధతిని గమనించాలి. పి.డి.సి. ర్యాంకులు గడచిన రెండు సంవత్సరాలలో గెలుచుకున్న బహుమతి సొమ్మును బట్టి నిర్ణయించబడతాయి. సెలెక్షన్ కమిటీలు, వయోపరిమితి ఉండవు. క్రికెట్‌లో 37 ఏళ్లవాడు తన ప్రతిభను ఎంపికదారులకు చూపే అవకాశమే దాదాపుగా ఉండదు. డార్ట్స్‌లో మాత్రం ప్రవేశ రుసుము చెల్లించి, అర్హత పోటీలో గెలిస్తే చాలు. ఈ సౌలభ్యానికి మరో ముఖం కూడా ఉంది. ఓడినవాడికి జీతం ఉండదు, ప్రయాణ ఖర్చులు ఎవరూ ఇవ్వరు. రెండు సంవత్సరాలు దాటిన సొమ్ము ర్యాంకు లెక్కలో నుంచి తొలగిపోతుంది కనుక గెలిచినవాడు సైతం నిశ్చింతగా ఉండలేడు. ఇతర ఆధారం లేని కుటుంబం ఇటువంటి నిర్ణయం తీసుకోవడంలోని సాహసాన్ని విజయాల పట్టికలు చూపవు.

ఫలితాలు వెంటనే రాలేదు. ఎదుగుదల మెల్లగా సాగింది. 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఫైనల్ చేరేవరకు సామాన్య ప్రేక్షకులకు ఇతని పేరు పెద్దగా తెలియదు. ఆ ఫైనల్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన 24 ఏళ్ల మైకేల్ వాన్ గెర్వెన్ 7-4 తేడాతో రైట్‌పై గెలిచాడు. ఓడినవాడికి లభించిన లక్ష పౌండ్ల బహుమతితో 43 ఏళ్ల రైట్ జీవితం స్థిరపడింది.

ఫైనళ్లలో పరాజయాలు

తరువాతి ఆరేళ్లు రైట్ జీవితంలో విచిత్రమైన కాలం. ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాళ్లలో ఒకడిగా నిలిచాడు, పెద్ద పోటీలలో ఫైనళ్లకు చేరుతూనే ఉన్నాడు, అక్కడ ఓడిపోతూనే ఉన్నాడు. 2015, 2016 సంవత్సరాలలో యు.కె. ఓపెన్ ఫైనళ్లలో వాన్ గెర్వెన్ చేతిలోనే పరాజయం పొందాడు. 2017 మార్చిలో, 47వ పుట్టినరోజుకు అయిదు రోజుల ముందు, అదే పోటీలో గెర్విన్ ప్రైస్‌ను 11-6తో ఓడించి మొదటి పెద్ద టైటిల్ సాధించాడు. ఆ ఏడాది వెన్నునొప్పి కారణంగా వాన్ గెర్వెన్ ఆ పోటీలో ఆడలేదు. అందువలన ఈ విజయానికి పూర్తి విలువ ఇవ్వనివారు ఉండిరి.

రెండు నెలలకే అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలింది. 2017 మే నెలలో లండన్‌లో జరిగిన ప్రీమియర్ లీగ్ ఫైనల్‌లో రైట్ ఒక దశలో వాన్ గెర్వెన్‌పై 7-2 ఆధిక్యంలో ఉన్నాడు. ప్రత్యర్థి పుంజుకొని స్కోరును 10-10కి తెచ్చాడు. చివరి లెగ్‌లో రైట్‌కు విజయం సాధించిపెట్టే డార్టు విసిరే అవకాశం ఆరుసార్లు వచ్చింది. ఆరూ తప్పాయి. వాన్ గెర్వెన్ 11-10తో గెలిచాడు. 8 మిల్లీమీటర్ల వలయం లోపలా వెలుపలా అన్న తేడాతో ఒక సంవత్సరపు శ్రమ ఎవరికి దక్కేదీ నిర్ణయమయ్యే ఆట ఇది.

అదే సంవత్సరం జూలైలో వరల్డ్ మ్యాచ్‌ప్లే ఫైనల్‌లో ఫిల్ టేలర్ చేతిలో 18-8తో, నవంబరులో గ్రాండ్ స్లామ్ ఫైనల్‌లో వాన్ గెర్వెన్ చేతిలో 16-12తో ఓడిపోయాడు. 2018 వరల్డ్ గ్రాండ్ ప్రి ఫైనల్‌లోనూ వాన్ గెర్వెనే గెలిచాడు. 2019 గ్రాండ్ స్లామ్ ఫైనల్‌లో గెర్విన్ ప్రైస్ 16-6తో చిత్తుగా ఓడించాడు. ఫైనల్ ఒత్తిడిని రైట్ తట్టుకోలేడన్న అభిప్రాయం బలపడింది. అయితే 2019లోనే గ్యారీ ఆండర్సన్‌తో జతగా స్కాట్లాండుకు తొలిసారి వరల్డ్ కప్ ఆఫ్ డార్ట్స్‌ను సాధించిపెట్టాడు.

2020 ప్రపంచ ఛాంపియన్‌షిప్

ఈ పోటీ ఏటా డిసెంబరులో మొదలై జనవరి మొదటివారంలో ముగుస్తుంది. వేదిక లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్. రైట్ ప్రయాణం మొదటి మ్యాచ్‌లోనే ముగియవలసింది. ఫిలిప్పీన్స్‌కు చెందిన నోయెల్ మాలిక్‌డెమ్‌కు ఇతనిని ఓడించే ఒక డార్టు లభించింది. అది గురి తప్పింది. రైట్ 3-2తో బయటపడ్డాడు. ఇంతకాలం తాను చేజార్చిన అవకాశాన్నే ఈసారి ఎదుటివాడు చేజార్చాడని చెప్పవచ్చును.

అక్కడి నుంచి జపాన్ ఆటగాడు సెయిగో అసాదాను, జెఫ్రీ డి జ్వాన్‌ను, లూక్ హంఫ్రీస్‌ను వరుసగా ఓడించి సెమీ ఫైనల్ చేరాడు. అక్కడ ఆరు వారాల క్రితమే తనను చిత్తు చేసిన ప్రైస్‌ను 6-3తో ఓడించాడు. 2020 జనవరి 1న జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి మళ్లీ వాన్ గెర్వెన్. ఈసారి రైట్ 7-3తో గెలిచాడు. బహుమతి 5 లక్షల పౌండ్లు. పి.డి.సి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను ఇంతకంటె ఎక్కువ వయస్సులో గెలిచినవాడు అప్పటికి ఫిల్ టేలర్ ఒక్కడే. టేలర్ 2013లో 52 ఏళ్ల వయస్సులో తన చివరి ప్రపంచ టైటిల్ సాధించాడు. కాని అది అతనికి పదహారవది, రైట్‌కు ఇది మొదటిది.

తరువాతి విజయాలు

మొదటి టైటిల్ తరువాత గెలుపులు త్వరత్వరగా వచ్చాయి. 2020లో మాస్టర్స్, యూరోపియన్ ఛాంపియన్‌షిప్ టైటిళ్లు ఇతనివయ్యాయి. 2021 జూలైలో బ్లాక్‌పూల్‌లో జరిగిన వరల్డ్ మ్యాచ్‌ప్లే సెమీ ఫైనల్‌లో వాన్ గెర్వెన్‌ను, ఫైనల్‌లో బెల్జియంకు చెందిన డిమిట్రీ వాన్ డెన్ బెర్గ్‌ను (18-9) ఓడించాడు. అదే ఏడాది జాన్ హెండర్సన్‌తో కలిసి స్కాట్లాండుకు రెండవసారి వరల్డ్ కప్ అందించాడు.

2022 జనవరి 3న రెండవసారి ప్రపంచ విజేత అయ్యాడు. మైకేల్ స్మిత్‌తో జరిగిన ఆ ఫైనల్‌లో ఒక దశలో 4-5 సెట్లతో వెనుకబడి, వరుసగా మూడు సెట్లు గెలిచి 7-5తో ముగించాడు. ఫైనళ్లలో వణికిపోతాడన్న పేరును దీనితో పూర్తిగా తుడిచివేశాడు. అదే సంవత్సరం ప్రపంచ నంబర్ 1 ర్యాంకుకు చేరుకున్నాడు.

ఆ తరువాత నిలకడ తగ్గింది. 2023 అక్టోబరులో డార్ట్‌మండ్‌లో జేమ్స్ వేడ్‌పై గెలిచి మరోసారి యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సాధించినప్పటికీ ర్యాంకులో క్రిందికి జారాడు. 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అప్పటి ప్రపంచ విజేత హంఫ్రీస్‌ను 4-1తో ఓడించి అందరినీ ఆశ్చర్యపరిచాడు. క్వార్టర్ ఫైనల్‌లో స్టీఫెన్ బంటింగ్ చేతిలో ఓడిపోయాడు. అప్పటికి ఇతనికి 54 ఏళ్లు.

వేషధారణ

రైట్ జుట్టును నిలువుగా దువ్వి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం ఇలా ఒక్కో మ్యాచ్‌కు ఒక్కో రంగు వేసుకుంటాడు. తల పక్కభాగంలో పాము బొమ్మ ఉంటుంది. వేసుకొనే ప్యాంట్లు కూడా అంతే ఆర్భాటంగా ఉంటాయి. ఈ అలంకరణ అంతా చేసేది భార్య జొయాన్. ఆమె వృత్తిరీత్యా కేశాలంకరణ నిపుణురాలు. దీనిని చూసి ఇతనిని ఆడంబరపరుడిగా భావించేవారు ఉన్నారు. వాస్తవానికి రైట్ స్వభావరీత్యా బిడియస్తుడు. వేలమంది కేకలు వేసే వేదికపైకి వెళ్లడానికి ఈ వేషం తనకు ధైర్యమిస్తుందని స్వయంగా చెప్పాడు. ముఖానికి రంగు వేసుకోగానే మరో మనిషిగా మారిపోయే మన వీధి భాగవతుల కళాకారులు ఈ మాటను సులభంగా అర్థం చేసుకోగలరు.

డార్టుల మార్పు

పేరుపొందిన ఆటగాళ్లు ఎక్కువమంది తమకు నప్పిన ఒకే రకం డార్టులను ఏళ్ల తరబడి వాడుతారు. రైట్ పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. బరువు, పొడవు, పట్టు, చివరి రెక్కల ఆకారం ఇవన్నీ తరచుగా మార్చుతాడు. ఒక్కో పోటీలోనే రెండు మూడు రకాలు వాడిన సందర్భాలున్నాయి. నేటి డార్టులు టంగ్‌స్టన్ మిశ్రమంతో తయారవుతాయి. ఈ లోహం సాంద్రత ఎక్కువ కనుక తగిన బరువు ఉంటూనే డార్టు సన్నగా ఉంటుంది. దీని వలన మూడు డార్టులు ఒకే ఇరుకు గడిలో పక్కపక్కన పట్టగలవు. రైట్ తరచు మార్పుల వలన నష్టపోయాడని విమర్శకుల అభిప్రాయం. పరికరాన్ని విప్పి, మార్చి, మళ్లీ బిగించి చూడనిదే తృప్తిపడని మెకానిక్ అలవాటు ఇందులో కనిపిస్తుందని అనిపించక మానదు.

ఇటువంటి ఇతర ఆటగాళ్లు

చేతిపనుల నుంచి వచ్చి ప్రపంచ విజేత అయినది రైట్ ఒక్కడే కాదు. ఫిల్ టేలర్ కుండల పరిశ్రమకు ప్రసిద్ధి చెందిన స్టోక్-ఆన్-ట్రెంట్ వాసి. మరుగుదొడ్లలో కాగితపు చుట్టలు తగిలించే పింగాణీ పిడులు తయారుచేసే పనిలో ఉండేవాడు. నాటి మేటి ఆటగాడు ఎరిక్ బ్రిస్టో ఇతనిలోని ప్రతిభను గుర్తించి డబ్బు సర్దాడు. 1990 ప్రపంచ ఫైనల్‌లో టేలర్ ఆ బ్రిస్టోనే 6-1తో ఓడించాడు. లూక్ హంఫ్రీస్ ఇళ్ల పైకప్పులు వేసే పని చేసి, 2024లో ప్రపంచ విజేత అయ్యాడు.

అందరికన్నా వేగంగా ఎదిగినవాడు రాబ్ క్రాస్. ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తూ 2016లో ఔత్సాహికుల అర్హత పోటీల ద్వారా యు.కె. ఓపెన్‌లో ప్రవేశించాడు. 2017 ఆరంభంలో వృత్తి ఆటగాడయ్యాడు. 2018 జనవరి 1న టేలర్‌ను అతని చివరి మ్యాచ్‌లో 7-2తో ఓడించి ప్రపంచ టైటిల్‌ను, 4 లక్షల పౌండ్లను గెలుచుకున్నాడు. ఇతని మారుపేరు వోల్టేజ్. అప్పటికి క్రాస్ వయస్సు 27 మాత్రమే. రైట్ ఆ వయస్సులో పెద్ద పోటీలకు దూరంగా ఉన్నాడు.

ప్రస్తుతం పి.డి.సి. పోటీలలో నిరంతరం ఆడడానికి టూర్ కార్డు ఉండాలి. మొత్తం 128 కార్డులున్నాయి. ర్యాంకులో మొదటి 64 స్థానాలలో ఉన్నవారి కార్డులు నిలుస్తాయి. మిగిలిన వాటిలో చాలా భాగం జనవరిలో జరిగే క్యూ స్కూల్ అనే అర్హత పోటీ ద్వారా రెండేళ్లకు ఇస్తారు. పనికి సెలవు పెట్టి క్యూ స్కూల్‌కు వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. అయితే కాలం మారుతున్నది. 2025 జనవరిలో ఇంగ్లాండుకు చెందిన లూక్ లిట్లర్ 17 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. ఫైనల్‌లో ఇతడు ఓడించినది వాన్ గెర్వెన్‌నే. చిన్ననాటి నుంచే శిక్షణ పొందిన ఇటువంటి యువకుల మధ్య 37వ ఏట ఆరంభించే పనివాడికి చోటు దొరకడం మునుపటికంటె కష్టమే.

భారతదేశంలో డార్ట్స్

మనదేశంలో ఈ ఆట ఎక్కువగా క్లబ్బులకు, పెద్ద నగరాలకు పరిమితమై ఉంది. వరల్డ్ కప్ ఆఫ్ డార్ట్స్‌లో భారత జట్టు పాల్గొన్నది. చెన్నైకి చెందిన నితిన్ కుమార్ 2018 డిసెంబరులో మొదలైన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అలెగ్జాండ్రా ప్యాలెస్ వేదికపై ఆడాడు. ఆటకు అవసరమైనవి ఒక బోర్డు, మూడు డార్టులు, మూడు మీటర్ల స్థలం మాత్రమే. కిత్తనార బోర్డులు, టంగ్‌స్టన్ డార్టులు పెద్ద నగరాలలోని క్రీడా సామగ్రి దుకాణాలలో లభిస్తాయి. పిల్లల కోసం అమ్మే అయస్కాంతపు బోర్డులు చిన్న పట్టణాలలో కూడా దొరుకుతాయి గాని వాటిపై చేసే అభ్యాసం అసలు ఆటకు పనికిరాదు.